'జ్ఞాపకార్థం'లో ఉన్న అర్థం, 'జీవితానికి అర్థం' అన్నప్పటి అర్థం ఒకటేనా?

ఫిలాసఫీ విద్యార్థి:

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. ఫిలాసఫీ రెండో సంవత్సరం. ఈ గ్రూపులో రెండేళ్ళుగా చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఈసారి మాత్రం ఒక మాట వదలట్లేదు, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

శ్రీరామనవమికి ఊరెళ్ళాను. కళ్యాణం అయిపోయి అందరూ భోజనాలకి లేచాక నేను గుళ్ళో స్తంభానికి ఆనుకుని కూర్చున్నా, చేతిలో పానకం గ్లాసు, పైన ఫ్యాను. కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగుతుంటే రెక్కల మీద ఎర్ర పెయింటుతో రాసిన అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక రెక్క మీద 'కీ.శే.' అని మా తాత పేరు, 'గారి' అని. రెండో రెక్క మీద 'జ్ఞాపకార్థం'. మూడో దాని మీద 'కుటుంబ సభ్యులు'. ఆ ఫ్యాను మేమిచ్చిందే, తాత పోయిన ఏడాది షాపులోనే రాయించి తెచ్చాం, నేనే సైకిల్ వెనక పట్టుకుని కూర్చున్నా. అయినా ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు దాని కింద కూర్చున్నానో, ఒక్కసారి కూడా చదవలేదు, ఎందుకంటే అది తిరుగుతున్నంతసేపూ చదవడం కుదరదు కదా.

అక్కడ పట్టుకుంది నన్ను. జ్ఞాపకార్థం అంటే జ్ఞాపకం కోసం అని అందరికీ తెలుసు. దర్శనార్థం, సహాయార్థం, లోకకల్యాణార్థం అన్నీ అంతే, చివర అర్థం అని తగిలిస్తే 'కోసం'. మరి నేను రెండేళ్ళుగా క్లాసులో, హాస్టల్ మేడ మీద, నిద్ర పట్టని రాత్రుళ్ళు 'జీవితానికి అర్థం ఏంటి' అని నలిగిపోతున్నానే, ఆ అర్థం వేరా ఈ అర్థం వేరా?

డిక్షనరీ తీస్తే ఇంకా చిక్కు పడింది. అర్థం అంటే మాటకి ఉండే భావం. అర్థం అంటే డబ్బు, అర్థబలం అంగబలం అంటాం, ఆర్థికశాఖ అంటాం, ధర్మార్థకామమోక్షాల్లో రెండోది అదే. అర్థం అంటే వస్తువు. అర్థం అంటే ప్రయోజనం. అర్థించడం అంటే అడుక్కోవడం, అర్థి అంటే యాచకుడు. అంటే విద్యార్థి అనే మాటలో ఉన్నవాడు విద్య ఉన్నవాడు కాదు, విద్య గుమ్మం ముందు చెయ్యి చాపి నిలబడ్డవాడు. చిన్నప్పటి నుంచి నోట్‌బుక్ అట్ట మీద 'విద్యార్థి పేరు' అనే గీత ఎదురుగా పేరు రాస్తూనే ఉన్నాను, ఆ మాటలో యాచన ఉందని నాకు ఇరవై మూడేళ్ళకి తెలిసింది.

పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు దీన్ని ఒక్క ముక్కలో కుదించేశాడు, 'అర్థోఽభిధేయరైవస్తుప్రయోజననివృత్తిషు' అని. అభిధేయం అంటే మాట చెప్పేది, రై అంటే ధనం, తర్వాత వస్తువు, ప్రయోజనం, నివృత్తి. మొత్తం ఐదు. మొదటి నాలుగూ సరే, ఈ ఐదోది, నివృత్తి అంటే తొలగిపోవడం కదా, అది అర్థం ఎలా అవుతుందో నాకు ఎక్కలేదు, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇంకో సంగతి. ఈ సెమిస్టర్‌లో మాకు ఫ్రేగె అనే జర్మన్ తత్వవేత్త 1892లో రాసిన వ్యాసం ఉంది. తెల్లవారుజామున తూర్పున కనిపించే చుక్కా సాయంత్రం పడమట కనిపించే చుక్కా ఒకటే శుక్రగ్రహం, కానీ ఆ రెండు పేర్లూ మనకి చెప్పే తీరు ఒకటి కాదు, కాబట్టి మాట చూపించే వస్తువు వేరు, ఆ వస్తువుని మాట చూపించే తీరు వేరు అంటాడు. క్లాసు తెలుగులో చెప్పుకుందాం అని నేనూ నా రూమ్మేటూ కూర్చుంటే రెండు పక్కలా 'అర్థం' అనే రాయాల్సి వచ్చింది, ఆ రెండింటినీ విడదీయడానికే ఆయన వ్యాసం రాస్తే మన మాట రెండింటినీ కలిపి పట్టుకుని కూర్చుంది. ఇది మన భాషకి లోటు అని రూమ్మేట్ అంటాడు. నాకు అలా అనిపించట్లేదు, ఎందుకో కూడా సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

అసలు 'జీవితానికి అర్థం' అనడం మనవాళ్ళ మాటేనా అని కూడా అనుమానం. మా నాయనమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడ పురుషార్థం అనే అంతపెద్ద మాటని కూడా 'ఏ పురుషార్థం సాధిద్దామని ఈ ఎండలో పడి వచ్చావురా' అని తిట్టడానికే వాడేది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ ప్రశ్న ఏ మాటల్లో అడిగేవాళ్ళు? అది తెలుసుకోవాలని ఉంది.

తెలుగు మాస్టారు:

చిరంజీవికి ఆశీస్సులు. ముందుగా ఒక మాట, నువ్వు 'అర్థం' అని థ వత్తుతో సరిగ్గా రాశావు, సంతోషం. ముప్ఫై ఏళ్ళు పేపర్లు దిద్దాను, 'అర్ధం' అని రాసినవాళ్ళే ఎక్కువ. అర్ధం అంటే సగం. అర్ధరాత్రి, అర్ధాంగి, అర్ధచంద్రుడు ఇవన్నీ ధ. జీవితానికి అర్ధం అని రాస్తే జీవితంలో సగం అని అయి కూర్చుంటుంది.

ఇక నీ ప్రశ్న. అర్థించడంలో ఉన్నది 'అర్థ ఉపయాచ్ఞాయామ్' అనే ధాతువు, యాచించడం అని. అర్థ శబ్దానికి 'ఋ' ధాతువు నుంచి కూడా వ్యుత్పత్తి చెప్తారు, ఋ అంటే వెళ్ళడం, పొందడం. మనం దేని దగ్గరికి వెళ్తామో, దేన్ని అడుగుతామో అది అర్థం. మాట పలికినప్పుడు బుద్ధి దేని దగ్గరికి వెళ్తుందో అదీ అర్థమే, మనిషి ఇల్లు వదిలి దేనికోసం వెళ్తాడో అదీ అర్థమే. అందుకే భావమూ డబ్బూ ఒక్క మాటలో ఉన్నాయి, పూర్వం వ్యవహారంలో దావా వేసినవాణ్ణి అర్థి అనీ, ఎదుటివాణ్ణి ప్రత్యర్థి అనీ అనేవారు, అడిగేవాడు, అడ్డం అడిగేవాడు. ఇప్పుడు ప్రత్యర్థి మిగిలాడు, అర్థి కోర్టులోంచి వెళ్ళిపోయాడు.

నివృత్తి దగ్గర ఆగిపోయానన్నావు. వ్యాఖ్యానాల్లో దానికి ఉదాహరణ 'మశకార్థో ధూమః'. దోమల కోసం పొగ. దోమల్ని పిలవడానికి కాదు కదా, తోలడానికి. మా ఇంట్లో సందెవేళ పశువుల పాకలో పిడక మీద పచ్చి వేపాకు వేసి పొగబెట్టేవాళ్ళు, పొగ నేల మీద పాకుతూ గేదెల కాళ్ళ దగ్గర తిరుగుతుంటే అవి తోక ఊపడం మానేసి నిలబడేవి. ఆ పొగ దోమలకి. తెలుగులో కూడా అంతే గమనించు. పిల్లాడికి పాలు, దోమలకి పొగ. చెల్లికి మందు, జ్వరానికి మందు. ఒకే 'కి', ఒకచోట ఇవ్వడం, ఇంకోచోట పోగొట్టడం. ఎవరమూ ఎప్పుడూ తికమక పడం. అమరసింహుడు చెప్పిన ఐదో అర్థాన్ని మనం రోజూ మందుల షాపులో వాడుతూనే ఉన్నాం.

పాలమూరు పిలగాడు:

అన్నా నమస్తే. మా దిక్కు బడిల సారు 'అర్థమైందా' అని అడుగుతడు గని ఇంట్ల మేము 'సమజైందా' అనే అంటం. అది ఉర్దూ నుంచి వచ్చింది, అందరికి ఎరుకే. ఇంకోటి ఉన్నది, 'మతలబు'. మా తాత 'గా మాట మతలబు ఏంది' అని అడిగేటోడు, అంటే అర్థం ఏంది అని. ఇప్పుడు మతలబు అంటే లోపల ఏదో ప్లాన్ ఉన్నట్టు అయింది, 'వీడు ఊకెనే రాలే, ఏదో మతలబు ఉన్నది' అంటం.

నేను చెప్పాలనుకున్నది ఏందంటే, నా దోస్తు ఒకడు ఉర్దూ మీడియంల చదివిండు, వాణ్ని అడిగితే స్టూడెంట్‌ని వాళ్ళు తాలిబ్-ఎ-ఇల్మ్ అంటరని చెప్పిండు. ఇల్మ్ అంటే చదువు, తాలిబ్ అంటే వెతికేటోడు, కోరుకునేటోడు. అరబ్బీల 'తలబ్' అంటే కోరుడు, అడుగుడు. మతలబ్ అనేది గూడ గండ్లకెల్లే పుట్టింది, అంటే కోరబడ్డది అని. నువ్వు విద్యార్థి, అర్థం అన్నవు కదా, గదే లెక్క గిక్కడ తాలిబ్, మతలబ్. రెండు భాషలకు సుట్టరికమే లేదు, ఒకటి సంస్కృతం, ఒకటి అరబ్బీ, గయినా రెండుదిక్కుల మాటకు అర్థమన్నా, చదువుకునే పిలగాడన్నా, అడిగినకాడి నుంచే పుట్టిన్రు. ఇది నాకు రాత్రి పండుకున్నంక గుర్తొచ్చి లేచి కూసున్న. మా తాతకు చెప్తే ఎంత ఖుష్ అయ్యేటోడో, ఆయనకు రెండు భాషలూ వచ్చు.

ఫిలాసఫీ విద్యార్థి:

మాస్టారూ, తమ్ముడూ, ఇద్దరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు. తాలిబ్-మతలబ్ సంగతి చదివి రూమ్మేట్‌ని నిద్ర లేపి వినిపించాను. భాషకి లోటు అన్నవాడు ఏం మాట్లాడకుండా లేచి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ చదివించుకున్నాడు.

మాస్టారూ, ఆ దోమల పొగ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే నాకు ఈ ప్రశ్న పుట్టింది తాత పోయాక. ఏదో పొందుదామని కాదు. రాత్రి లైటు తీసేశాక వచ్చే ఒక రకమైన భయం ఉంటుంది, ఇంత పెద్ద మనిషి, ఇన్ని ఎకరాలు దున్నినవాడు, ఇంతమందిని తిట్టినవాడు, ఒక ఉదయానికి కీర్తిశేషుడైపోతాడా అని. కీర్తి మాత్రమే శేషంగా ఉన్నవాడు అని కదా ఆ మాట, అది కూడా ఫ్యాను రెక్క మీద రెండక్షరాలకి కుదించి రాశాం. ఆ భయం పోవడానికే నేను ఫిలాసఫీలో చేరాను, అడిగినవాళ్ళకి మాత్రం సివిల్స్‌కి పనికొస్తుందని చెప్పాను. అంటే నాకు కావలసిన అర్థం మొదటి నాలుగింట్లో లేదు, ఐదోదాంట్లో ఉంది, భయానికి చదువు, దోమలకి పొగలాగ. ఇన్నాళ్ళూ నా ప్రశ్న ఏంటో నాకే తెలియదు.

ఇంకోటి కూడా రాసేస్తాను. మనం 'నేను అర్థమయ్యాను' అనం, 'నాకు అర్థమైంది' అంటాం. నాకు ఆకలేసింది, నాకు నిద్రొచ్చింది, నాకు తెలిసింది లాగే. చేసేవాణ్ణి నేను కాదు, అది నా దగ్గరికి వచ్చింది, నేను వచ్చిన చోటుని మాత్రమే. ప్రయత్నం ఉంటే అప్పుడు 'అర్థం చేసుకున్నాను' అంటాం. మాస్టారు చెప్పిన 'వెళ్ళడం' కూడా ఇందులో ఉంది అనిపిస్తోంది, చేసుకోవడంలో మనం వెళ్తాం, అవడంలో అది వస్తుంది. 'తెలియడం' అయితే ఇంకా బాగుంది, తెలుపు, తెల్లవారడం, తెలివి అన్నీ ఒక్క కుదురు నుంచే. తెల్లవారడాన్ని మనం చెయ్యం కదా.

రాత్రి డ్యూటీ:

నేను నర్సుని, డయాలసిస్ వార్డులో. మీ చర్చ డ్యూటీ మధ్యలో చదివాను, నాకు సంస్కృతం రాదు గానీ పెద్దవాళ్ళు ఈ ప్రశ్న ఏ మాటల్లో అడుగుతారు అన్నారు కదా, దానికి నా దగ్గర జవాబుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగ్గంటలు మిషన్‌కి అతుక్కుని పడుకోవాలి, ఏళ్ళ తరబడి. చెయ్యి కదపకూడదు, నీళ్ళు లెక్కగా తాగాలి. అన్ని గంటలు పైకప్పు చూస్తూ పడుకున్నవాళ్ళకి మీ ప్రశ్న రాకుండా ఉంటుందా. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా 'నా జీవితానికి అర్థమేంటి' అనలేదండీ. 'ఎందుకమ్మా ఈ బతుకు' అంటారు. 'ఎవరికోసం సిస్టర్ ఇదంతా' అంటారు. ఎవరికోసం అనేదే ఎక్కువ. మీ ఫ్యాను మీద ఉన్నది కూడా ఆ 'కోసమే' కదా, మీరే రాశారు.

ఒక పెద్దావిడ వస్తుంది. మొదట్లో 'మనవరాలి పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఉంటే చాలు తల్లీ' అనేది. పరీక్షలయ్యాయి. అప్పుడు ఇంటర్ అయ్యేదాకా అంది. ఇప్పుడు ఆ పిల్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది, నాకు చెప్పి, 'అది నీలాగ తెల్లడ్రెస్సు వేసుకునేదాకా' అంటోంది. నేను సూది పెట్టేటప్పుడు మొహం తిప్పుకుని ఈ లెక్కే చెప్తుంది. సాయంత్రం పూట వచ్చే ఒకాయన ఉన్నారు, ఆయన ఏ 'దాకా' చెప్పరు, గడియారం మాత్రం చూస్తుంటారు. ఆయన్ని చూస్తే నాకు బెంగగా ఉంటుంది, ఏదో ఒకటి అడుగుతుంటాను, మీ ఊళ్ళో ఈసారి ఏం పంటండీ అని.

మా అమ్మ అయితే 'బతుకు పండింది' అనేది. మా తమ్ముడి పెళ్ళిలో అంది, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు అంది. నోములు పండాయి, నా పంట పండింది అంటాం చూడండి, అలాగ. పండటం అంటే దొరకడం కాదు, పండటానికి టైము పడుతుంది.

ఫిలాసఫీ విద్యార్థి:

అక్కా, మీ కామెంట్ చదివాక నేను రెండ్రోజులు ఏమీ రాయలేకపోయాను. 'దాకా' అనే మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. అది ఎక్కడో చదివినట్టుంది అని వెతుక్కుంటే, మా సిలబస్‌లో ఉన్న చిన్న పుస్తకంలో దొరికింది. తర్కసంగ్రహం, సంస్కృతంలో తర్కశాస్త్రం మొదటి పాఠాలు. రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, 17వ శతాబ్దం వాడని చెప్తారు, 'కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః' అని సామెత కూడా ఉంది, కాశీ వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడు అని. పిల్లలకి సులువుగా తెలియడానికి రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు, నేను ఎం.ఏ.లో చదువుతున్నాను.

అందులో విడిమాటలకి అర్థం వేరు, వాక్యానికి అర్థం వేరు. మాటలు వరసగా పేర్చినంత మాత్రాన వాక్యార్థం పుట్టదు, దానికి మూడు కావాలి అంటాడు, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆకాంక్ష లేకపోతే ఎలా ఉంటుందో ఉదాహరణ ఇచ్చాడు, 'గౌరశ్వః పురుషో హస్తీ', ఆవు గుర్రం మనిషి ఏనుగు. ప్రతి మాటకీ అర్థం ఉంది, కలిపితే ఏమీ లేదు, ఎందుకంటే ఒక మాట ఇంకో మాట కోసం చూడట్లేదు. అదే 'ఆవుని' అన్నామనుకోండి, వినేవాడు ఆగుతాడు, ఆవుని ఏం చెయ్యాలి అని, తోలుకురా అనేదాకా ఆ మాట నిలబడి ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపే ఆకాంక్ష. యోగ్యత అంటే పొసగడం, నిప్పుతో తడుపు అంటే మాటలు ఒకదాన్నొకటి కోరుకుంటాయి గానీ పొసగవు.

అక్కా, నా హాస్టల్ రోజులన్నీ ఆవు గుర్రం మనిషి ఏనుగే. క్లాసు, మెస్సు, ఫోను, నిద్ర. విడివిడిగా ఏ రోజుకీ లోటు లేదు, ఒక రోజు ఇంకో రోజు కోసం చూడట్లేదు అంతే. ఆ పెద్దావిడ రోజులు మాత్రం అన్నీ కలిసి ఒక వాక్యం, 'దాకా' దగ్గర ఆగి క్రియ కోసం చూస్తున్న వాక్యం. తెలుగులో క్రియ ఎలాగూ చివరే వస్తుంది. జీవితానికి అర్థం ఏంటి అని అడిగినప్పుడల్లా నేను జీవితాన్ని ఒక మాట అనుకున్నాను, డిక్షనరీలో ఏదో పేజీలో దాని ఎదురుగా అర్థం రాసుంటుంది, నాకే దొరకట్లేదు అనుకున్నాను. అది మాట కాదేమో, వాక్యమేమో. అలా అయితే వెతకాల్సిన చోటే వేరు. దీన్ని నేను పేపర్‌గా రాయబోతున్నాను, మీ మాటని మీ పేరు లేకుండా వాడుకోవచ్చా అని అడుగుతున్నాను.

కానీ మూడోదాని దగ్గర నాకు అన్నంభట్టుతో పేచీ వచ్చింది. సన్నిధి అంటే మాటల్ని ఆలస్యం లేకుండా పలకడం అంటాడు. 'ఆవుని' అని ఒక జాములో, 'తోలుకురా' అని ఇంకో జాములో అంటే వాక్యం అవదు అంటాడు. జాము అంటే మూడు గంటలు.

మా తాతకి చివరి ఏడాది పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, పోయింది అంటే పూర్తిగా కాదు, పొద్దున ఒక మాట, ఎప్పటికో ఇంకోటి. మేమందరం ఆ మాటలకి అలవాటు పడి పట్టించుకోవడం మానేశాం, నేను కూడా. ఒకరోజు పొద్దున్నే కాఫీ పట్టిస్తుంటే 'చింతచెట్టు' అన్నాడు. అంతే, మళ్ళీ ఏం లేదు. నాన్న పక్క నుంచి చెట్టు కింద కూర్చుంటావా నాన్నా అని అడిగాడు, జవాబు లేదు, నాన్న పొలం వెళ్ళిపోయాడు. నాయనమ్మ మాత్రం రోజంతా పనిచేసుకుంటూనే ఉంది, వంట చేసింది, తాతకి ఒళ్ళు తుడిచింది, బట్టలు ఆరేసింది, బియ్యం చెరిగింది. దీపాలవేళ తాత 'వద్దు' అన్నాడు. నేను మంచినీళ్ళు వద్దంటున్నాడేమో అని గ్లాసు పక్కన పెట్టేశాను. నాయనమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి లేచి వచ్చి నాన్నతో 'ఒరే, చింతచెట్టు కొట్టించొద్దంటున్నాడు మీ నాన్న' అంది. పశువుల పాక పెద్దది చేద్దామని చెట్టు కొట్టించే బేరం నాన్న ముందురోజే మాట్లాడాడు, వసారాలో, తాత మంచం పక్కనే నిలబడి. తాత కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తల ఊపలేడు, ఎడం చెయ్యి మాత్రం మంచం పట్టీ మీద రెండుసార్లు తట్టాడు.

పన్నెండు గంటలు, మాస్టారూ. నాలుగు జాములు. 'చింతచెట్టు'కీ 'వద్దు'కీ మధ్య. అన్నంభట్టు లెక్కన అది వాక్యం కాకూడదు. కానీ అయింది, నా కళ్ళముందే అయింది. దీనికి శాస్త్రం ఏమంటుందో చెప్పండి.

పాలమూరు పిలగాడు:

అన్నా, గిది సదివి మా అమ్మకు సదివి వినిపించిన. ఆమె ఏం అనలే, కొంగుతోని కండ్లు తుడుసుకొని, 'ముసలామె పొద్దంత గా మాటను ఎట్ల పట్టుకున్నదో' అన్నది.

తెలుగు మాస్టారు:

నాయనా, నీ పేచీ న్యాయమైనదే. అయితే అన్నంభట్టు తన పుస్తకానికి తనే దీపిక అని ఒక వ్యాఖ్య రాసుకున్నాడు, మీ సిలబస్‌లో మూలం మాత్రమే ఉండుంటుంది. దీపికలో ఇదే చోట ఏమన్నాడో చూడు: 'అవిలంబేన పదార్థోపస్థితిః సన్నిధిః. ఉచ్చారణం తు తదుపయోగితయోక్తమ్.' అంటే, సన్నిధి అంటే నిజానికి మాటల అర్థాలు ఆలస్యం లేకుండా మనసులో హాజరుగా ఉండటం. పలకడం అనేది దానికి ఉపకరిస్తుంది కాబట్టి చెప్పాను, అంతే అని. పలకడంలో ఆలస్యం కాదు అసలు అడ్డు, వినేవారి మనసులో మొదటి మాట చెదిరిపోవడం అడ్డు. మామూలు మనిషికి ఒక జాములో చెదిరిపోతుంది, అందుకని ఆ ఉదాహరణ. మీ నాయనమ్మ గారికి 'చింతచెట్టు' సాయంత్రం దాకా మనసులోంచి కదలలేదు. 'వద్దు' వినబడగానే రెండూ పక్కపక్కనే ఉన్నాయి. సన్నిధి కుదిరింది, శాస్త్రం ప్రకారమే కుదిరింది. మీకెవరికీ కుదరలేదు, ఎందుకంటే మీరు మొదటి మాటని పొద్దున్నే వదిలేశారు.

క్లాసులో తర్కసంగ్రహం చాలాసార్లు చెప్పాను. సన్నిధికి ఇంత మంచి ఉదాహరణ నాకు ఎప్పుడూ దొరకలేదు. ఇంకెవరికైనా చెప్పేటప్పుడు వాడుకుంటాను, నువ్వు ఒప్పుకుంటే.

రాత్రి డ్యూటీ:

తమ్ముడూ, వాడుకో, పేరు అక్కర్లేదు. గడియారం చూసే ఆయన సంగతి ఒకటి. మొన్న మళ్ళీ ఊళ్ళో పంట ఏంటి అని అడిగితే 'మినుము' అన్నారు, అంతే. నేను మామూలుగా అయితే సరే అని వెళ్ళిపోయేదాన్ని. ఇది చదివాక ఆ మాట గుర్తు పెట్టుకున్నాను, మళ్ళీ డ్యూటీలో ఆయన వచ్చినప్పుడు మినుము ఎంతదాకా వచ్చిందండీ అని అడిగాను. నావైపు తిరిగి, 'పూతకొచ్చింది' అన్నారు.

ఫిలాసఫీ విద్యార్థి:

మాస్టారూ, తప్పకుండా వాడుకోండి. లైబ్రరీలో దీపికతో ఉన్న ప్రతి దొరికింది, అట్ట లేదు, ఆ పేజీ మాత్రం ఉంది. చింతచెట్టు ఇంకా అక్కడే ఉంది, పాకని దాని పక్క నుంచి కట్టించాడు నాన్న. ఆదివారం ఊరెళ్తున్నాను. ఆ రోజు పొద్దున నుంచి దీపాలవేళ దాకా ఆ మాటని ఏం చేశావు నాయనమ్మా అని అడగాలి.